రాళ్ళ చెలకలో ఎర్ర చితవలు

అటవీ శాఖలో కొత్తగా వాచరుగా చేరినవాళ్ళు మొదటి రోజే పులి గురించి అడుగుతారు. నల్గొండ చుట్టూ పులి లేదు. పులి కావాలంటే అమ్రాబాద్ దిక్కు పోవాలి. ఇక్కడ మనకు ఉన్నవి బోడి గుట్టలు, బండలు, తుమ్మలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య బతికే పిట్టలు. ఇదేం పని అనుకునేవాళ్ళు ఇప్పుడే వేరే పని చూసుకోవడం మంచిది. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని చేశాను. ఎప్పుడు పర్మినెంట్ అయ్యానో, నన్ను ఎవరు సన్మానించారో ఇందులో రాయను. అది మీకు ఎందుకూ పనికిరాదు. నేను చేసిన తప్పులు పనికొస్తాయి.

ఇంకో మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. వాక్యం ఎక్కడైనా కుంటితే సర్దుకుని చదవండి.

ఊరి అంచు పిట్టలు

చలికాలంలో పానగల్ చెరువుకు వచ్చే బాతులను చూడటానికి హైదరాబాద్ నుంచి కూడా కార్లలో వస్తారు. రానివ్వండి. నీళ్ళ మీద తేలే పిట్టను చూడటానికి పెద్ద కన్ను అక్కర్లేదు. ఊరికి ఆనుకునే ఉండి ఊరివాళ్ళకు కనబడని పిట్టలు వేరే ఉన్నాయి. వాచరుకు అవి తెలియాలి.

గుట్టల మీద బండల సందుల్లో ఒక పిగిలిపిట్ట ఉంటుంది. ఇంటి ముందు జామచెట్టు మీద వాలే పిగిలి కాదు. దీని గొంతు పసుపు పూసినట్టు ఉంటుంది. బండలున్న గుట్ట తప్ప వేరే చోటు దీనికి పట్టదు. గుట్టను కోసి లారీ ఎక్కిస్తే పక్క గుట్టకు పోతుంది. పక్క గుట్టను కూడా కోస్తే ఎటు పోతుందో నాకు తెలియదు. తెలుసని చెప్పిన ఆఫీసరును కూడా నేను చూడలేదు.

పనులు ఆగిపోయిన పాత క్వారీల్లో కొమ్ముల గుడ్లగూబ ఉంటుంది. తల మీద రెండు ఈకలు కొమ్ముల్లా లేచి ఉంటాయి. దాని పిల్లలు రెక్కలు రాకముందే గూడు వదిలి నేల మీద నడుస్తాయి. చూసినవాళ్ళు పాపం పడిపోయాయనుకుని అట్టపెట్టెలో వేసుకుని ఆఫీసుకు తెస్తారు. కొత్తలో నేనూ ఒకదాన్ని అలాగే తెచ్చాను. మటన్ ముక్కలు పెట్టాను. నాలుగో రోజు చచ్చిపోయింది. అది పడిపోలేదు, నడక నేర్చుకుంటోంది. నేను దాన్ని ఎత్తుకుంటుంటే పై బండ మీద తల్లి కూర్చుని నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. కష్టంలో ఉన్న పిట్టను కాపాడటం కంటే కష్టంలో లేని పిట్టను వదిలేయడం నేర్చుకోవడానికే ఎక్కువ రోజులు పడతాయి.

వానాకాలానికి ముందు ఒకసారి ఊళ్ళో కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. క్లాసులో రంగురంగుల పిట్ట పడి ఉందన్నారు. బీట్ ఆఫీసర్ షఫీ సారు, నేను బండి మీద పోయాము. షఫీ నాకంటే పదేళ్ళు చిన్న, నాకు పై ఆఫీసరు, నల్గొండలోనే పుట్టినవాడు. క్లాసు నిండా జనం.

"ఫారిన్ పిట్ట సార్. ఎవరో పెంచుకునేది తప్పిచ్చుకొచ్చినట్టున్నది" అన్నాడు క్లర్కు.

"ఫారిన్ లేదు, గీరిన్ లేదు. ముందుగాల ఆ ఫ్యాన్ బంద్ జేయ్" అన్నాడు షఫీ.

అది పొన్నంకి పిట్ట. కడుపు కింద ఎరుపు, రెక్కల్లో నీలం, ఆకుపచ్చ. ఏటా ఆ రోజుల్లో మన మీదుగా ఉత్తరానికి పోతూ అలిసిపోయి ఎక్కడ పడితే అక్కడ దిగుతుంది. చీకటిగా ఉన్న గదిలో పెట్టి తలుపు వేశాము. సాయంత్రం పెరట్లో వదిలితే ఎగిరిపోయింది. ఫోటోలు దిగనివ్వలేదని ప్రిన్సిపాలుకు కోపం వచ్చింది. రానీ.

చెలక

ఇవన్నీ చూడగానే ఇది పిట్ట అని తెలిసే పిట్టలు. ఎర్ర చితవ అట్లా కాదు.

ఊరి అంచున మా శాఖ కింద ఒక రాళ్ళ చెలక ఉంది. చెట్టు లేదు. మోకాలెత్తు గడ్డి కూడా లేదు. ఎర్రమన్ను, గులకరాళ్ళు, అక్కడక్కడ ఎండిన గరిక. ఎవరు చూసినా వట్టి బీడు అంటారు. నేను కూడా అన్నాను. చిన్నప్పుడు నేను మేకలు కాసిన రోజుల నుంచి ఎరిగిన జాగా అయినా దాన్ని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

ఎర్ర చితవ పావురం కంటే చిన్నది. కాళ్ళు పొడుగు, తెల్లగా ఉంటాయి. ఛాతి ఇటుక రంగు. కంటి మీద ఒక తెల్ల గీత, దాని కింద ఒక నల్ల గీత. నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగి నిటారుగా నిలబడుతుంది. మళ్ళీ పరుగు. తీతువులాగా అరిచి గోల చేయదు. గూడు కట్టదు. ఎండాకాలంలో వట్టి నేల మీద రెండో మూడో గుడ్లు పెడుతుంది. గుడ్డు పక్కన ఉన్న రాయి ఏ రంగులో ఉంటే గుడ్డూ ఆ రంగులోనే ఉన్నట్టు కనబడుతుంది. ఈ పిట్టకు చెట్టు అక్కర్లేదు. చెట్టు ఉంటే కాకి కూర్చుంటుంది, కాకి కూర్చుంటే గుడ్డు ఉండదు. దానికి కావలసింది మనం బీడు అని తిట్టే జాగానే.

తెలంగాణ వచ్చిన తర్వాత ఊరూరా మొక్కలు నాటే పని పెద్ద ఎత్తున నడిచింది. మంచి పనే. నా చేతులతో నాటిన వేపలు, కానుగలు ఇప్పుడు రోడ్ల పక్కన నీడ ఇస్తున్నాయి. కాని ఖాళీ జాగా కనబడితే గుంత తవ్వాలి అనే అలవాటు మా అందరికీ పట్టింది. ఆ అలవాటు చెలక దాకా వచ్చింది.

సున్నం

గుంతలు తవ్వే పద్ధతి ఇది. ముందు వాచరు తాడు లాగుతాడు. తాడు వెంబడి కొలుచుకుంటూ గుప్పెడు సున్నం పోసుకుంటూ పోతాడు. వెనక నుంచి కూలీలు గడ్డపార, పార పట్టుకుని వచ్చి సున్నం ఉన్నచోట తవ్వుతారు. మాట అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. తెల్లగా ఉంటే తవ్వడమే.

మాకు తవ్వడానికి వచ్చేది సోమక్క ముఠా. కరువు పనికి వచ్చే ఆడవాళ్ళందరికీ ఆమే మేస్త్రీ. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది.

ఆ ఎండాకాలం తాడు లాగుతుంటే నా కాలి ముందు నుంచి పిట్ట లేచి పరుగెత్తింది. వంగి చూస్తే మూడు గుడ్లు. ఇంకో అడుగు వేస్తే తొక్కేవాణ్ణి. అప్పటికి ఆ చెలకలో పిట్టలు తిరగడం చూశాను కాని గుడ్లు చూడటం అదే మొదలు. ఇక్కడ తవ్వకూడదు అనుకున్నాను. తవ్వకూడదని కూలీలకు తెలియాలి కదా? రాసి పెడదామంటే నాకు రాత రాదు. చేతిలో సున్నం బుట్ట ఉంది. గుడ్ల చుట్టూ బండి చక్రమంత గుండ్రంగా సున్నం పోశాను. చాలా తెలివైన పని చేశాననుకుని నర్సరీకి నీళ్ళ ట్యాంకరు వస్తే అటు పోయాను.

తిరిగి వచ్చేసరికి ఆ గుండ్రం మధ్యలో గుంత ఉంది. మామూలు గుంత కంటే పెద్దది.

"ఏందక్కా ఇది?" అని అరిచాను.

"ఏందంటే ఏందే? పెద్ద సున్నం పోస్తివి, పెద్ద గుంత దీస్తిమి. మర్రి మొక్కనో ఏందో పెడతవేమో అనుకున్నం" అంది సోమక్క.

"గుడ్లున్నయి గదనే ఆడ!"

"గుడ్లా?" సోమక్క గడ్డపార కింద పెట్టింది. "నాకేం ఎరుక యాదన్నా, అవి రాళ్ళనుకున్న. నువ్వే గద ఇన్నేండ్ల సంది సున్నం ఉన్న కాడ తవ్వుమని నేర్పినవ్. గిప్పుడు సున్నం ఉన్న కాడ తవ్వద్దంటే మేమెట్ల తెలుసుకోవాలె?"

ఆమె తప్పు ఇసుమంత కూడా లేదు. తవ్విపోసిన మన్ను కుప్ప చుట్టూ పిట్ట పరుగెత్తుతోంది. ఆగుతోంది, చూస్తోంది, మళ్ళీ పరుగెత్తుతోంది. ఆడవాళ్ళు పని ఆపి చూశారు. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం షఫీ రిజిస్టర్ తీసి "ఏం రాయాలె?" అని అడిగాడు. నేను చెబుతుంటే రాయడం ఆయన పని. "గుంతలైపోయినయి" అని చెప్పాను. గుడ్ల సంగతి చెప్పలేదు. ఇది రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది. సున్నం పోసింది తెలియక. దాచింది తెలిసి.

నర్సరీ పలకలు

పది రోజులకు ఉండబట్టలేక షఫీకి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఒక చిన్న బోర్డు రాసి పెడితే అయిపోవు గద యాదయ్యా."

"నాకు రాత వస్తదా సార్?"

"ఇన్నేండ్ల సంది వేలిముద్ర ఏస్తున్నవ్. సిగ్గనిపియ్యదా?"

"మొదట్ల అనిపిచ్చింది సార్. అలవాటైంది."

మర్నాడు నన్ను నర్సరీకి తీసుకుపోయాడు. అక్కడ ఒక్కో మడికి ఒక్కో పలక, దాని మీద మొక్క పేరు. ఏ మడిలో ఏ మొక్క ఉందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు, వాసన చూసి చెబుతాను. "ఈ మడి ఏంది?" అన్నాడు. వేప అన్నాను. "అయితే ఆ పలక మీద ఉన్నది వేప. మొదటిది వే, రెండోది ప." తర్వాత కానుగ. తర్వాత చింత, నేరేడు, సీతాఫలం. బడిపిల్లలు అక్షరం నుంచి మాటకు పోతారు. నేను చెట్టు నుంచి అక్షరానికి వచ్చాను. ఒత్తులు మాత్రం నన్ను ఏడిపించాయి. నర్సరీలో ఒత్తులున్న మొక్కలు తక్కువ. మద్ది, మర్రి దగ్గర ఒక్కో వారం ఆగిపోయాను. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి మెల్లగా రాయగలిగాను.

కొత్తగా చేరేవాళ్ళలో పెద్ద చదువులు చదివినవాళ్ళున్నారు. వాళ్ళు వాచర్లకు, కూలీలకు ఎంత తెలుసో ముందు అడగండి. షఫీ నాకు చదువు చెప్పలేదు. నాకు తెలిసినదాని పక్కన అక్షరం పెట్టాడు. నేను చూసిన ఆఫీసర్లలో ఆ ఓపిక ఉన్నది ఆయన ఒక్కడికే.

బోర్డు

ఆ ఏడాది చెలకలో మిగిలిన సగం కూడా తవ్వాలని ఆర్డరు వచ్చింది. అందులోనే పిట్ట మళ్ళీ గుడ్లు పెట్టింది. ఈసారి రెండు. నేను రేకు మీద పెయింటుతో రాశాను: ఇక్కడ తవ్వవద్దు. పిట్ట గుడ్లు ఉన్నాయి. గర్వంగా పాతాను.

"గిదేం బోర్డు యాదన్నా?" అంది సోమక్క. "సర్కారు ప్లాట్లు పంచుతున్నదా? జర నా పేరు గూడ రాయ్."

ఆ ముఠాలో ఒక్కరికి కూడా చదవడం రాదు. ఆ సంగతి నాకు ఎప్పటి నుంచో తెలుసు. అక్షరాలు వచ్చిన సంతోషంలో మరిచిపోయాను.

చదువు వచ్చినవాళ్ళు మాత్రం చదివారు. పొద్దెక్కేసరికి ఊళ్ళో నుంచి ఇద్దరు మోటారు సైకిల్ మీద వచ్చి గుడ్ల పక్కన కూర్చుని ఫోన్లలో ఫోటోలు తీస్తున్నారు. పిట్ట దూరంగా నిలబడి ఉంది. మే నెల ఎండలో పిట్ట లేకుండా గుడ్లు ఎంతసేపు ఆగుతాయి?

సోమక్క పార పట్టుకుని పోయింది. "ఏం జూస్తున్రు బిడ్డా? మీ అవ్వ పురుడు పోసుకునేటప్పుడు గూడ గిట్లనే ఎవరన్న ఫోటోలు దీసిన్రా?"

వాళ్ళు బండి ఎక్కి వెళ్ళిపోయారు. నేను బోర్డు పీకేశాను.

"ఎందుకన్నా గివన్నీ?" అంది సోమక్క. "నువ్వు ఆడ సున్నం పోయకు. సున్నం లేకుంటే మేం తవ్వం. గంతే గద?"

అంతే. గుర్తు పెట్టడం గురించి ఏడాది ఆలోచించిన నాకు గుర్తు పెట్టకపోవడం తట్టలేదు. ముఠా మొత్తాన్ని దూరంగా నిలబెట్టి పిట్టను చూపించాను. ఒక్కొక్కరికి కనబడటానికి చాలాసేపు పట్టింది. ఆ పక్కకు పోకుండా చుట్టు తిరిగి పోతామన్నారు. అలాగే చేశారు. ఆ మధ్య భాగానికి నేను తాడే లాగలేదు.

ఖాళీ

మూడో రోజు రేంజర్ సారు జీపులో వచ్చాడు. నల్గొండకు కొత్త. పని తొందరగా కావాలనే మనిషి, కాని లంచం ముట్టనివాడు. చెలక చుట్టూ గుంతలు, మధ్యలో పెద్ద ఖాళీ. చూడగానే ముఖం మారింది.

"ఇంత జాగా ఎందుకు ఖాళీగా ఉంది?"

"ఖాళీ లేదు సార్. పిట్ట ఉంది."

"ఎక్కడ?"

"మన ముంగటనే సార్. ఆ తెల్ల బండ నుంచి ఎడమకు."

చూశాడు. "రాళ్ళు తప్ప ఏం లేవు."

"జర నిమ్మళంగ చూడండి సార్. ఒక రాయికి కన్నుంటది."

కొంతసేపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు. ఆ తర్వాత చూపు ఒక చోట ఆగిపోయింది. కనబడిందని నాకు అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు.

"పిట్ట కోసం పని ఆపానని పైవాళ్ళకు చెబితే నవ్వుతారు. ఎల్లుండిలోగా ఇదంతా తవ్వాలి. లేదంటే ఎందుకు తవ్వలేదో రిజిస్టర్‌లో రాసిపెట్టు."

నేను వేలిముద్ర వాచరునని ఎవరో ఆయనకు చెప్పి ఉంటారు. అప్పటికి నా ఉద్యోగం పర్మినెంట్ కాలేదు. తీసేయాలంటే ఒక మాట చాలు. ఇంట్లో మా ఆవిడకు మందులు నా జీతం మీదే నడుస్తున్నాయి. షఫీ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. నేను జీపు ముందు భాగం మీద రిజిస్టర్ పెట్టుకుని రాశాను. ఇనుము కాలుతోంది. మూడు వాక్యాలకు చాలాసేపు పట్టింది. సోమక్క ముఠా అంతా పని ఆపి చూస్తోంది.

"ఈ జాగలో పిట్ట గుడ్ల మీద ఉంది. పోయిన ఏడు నా తప్పు వల్ల మూడు గుడ్లు పోయినయి. ఈ ఏడు నేను తవ్వించను. యాదయ్య, వాచరు."

రేంజర్ సారు నిలబడి చదివాడు. రిజిస్టర్ షఫీ చేతిలో పెట్టి జీపెక్కాడు.

"పోయింది నీ నౌకరి" అన్నాడు షఫీ.

"పోతే మా ముఠాల పనిస్త తియ్ సారూ" అంది సోమక్క. "కాకపోతే తట్ట మొయ్యాలె. మా అన్నకు నడుం వంగుతదో లేదో."

ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. తెల్లారి ఏడింటికి చెలకకు పోయేసరికి జీపు ఉంది. రేంజర్ సారు ఒక్కడే, నిన్న నిలబడిన చోటే చెప్పులు విడిచి కూర్చున్నాడు.

"ఇవాళ నాకు కనబడటం లేదు. ఏ రాయి?"

దగ్గరికి పోయి చూశాను. పిట్ట లేదు. గుడ్లు లేవు. రెండు పెంకు ముక్కలు, వట్టి నేల. పిల్లలు పొద్దున్నే గుడ్డు పగలగొట్టుకుని నడిచి వెళ్ళిపోయాయి. ఎర్ర చితవ పిల్లలు గుడ్డులో నుంచి బయటకు వచ్చిన కొంతసేపటికే నడుస్తాయి. గుంతల అవతల ఎక్కడో ఉంటాయి, ఎంత వెతికినా దొరకవు. అబద్ధం చెప్పి ఏదో ఒక రాయిని చూపించవచ్చు. ఒకసారి దాచి చూశాను కనుక ఆ పని చేయలేదు.

"లేవు సార్. పిల్లలైనయి. నడిచిపోయినయి."

"అయితే ఇక తవ్వొచ్చు కదా?"

ఆయన న్యాయంగానే అడిగాడు. చెలక ఇప్పుడు నిజంగానే ఖాళీ.

"కిరాయికున్నోడు ఊరికి పోతే ఇల్లు కూలగొడతమా సార్?"

"మళ్ళీ వస్తాయా?"

"తెల్వది సార్."

"వస్తాయని చెప్పవచ్చు కదా, నీ మాట నెగ్గుతుంది."

"తెల్వంది ఎట్ల చెప్పాలె సార్?"

రేంజర్ సారు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. అప్పుడే పనికి వస్తున్న ముఠాను చూసి, "సోమక్కా, రేపటి నుంచి వాగు అవతల చూసుకోండి" అన్నాడు. ఆ చెలకలో మిగిలిన భాగం "రాళ్ళ జాగా, మొక్కలకు పనికిరాదు" అని పైకి రాశాడని తర్వాత షఫీ చెప్పాడు. ఆ మాట నాకు నచ్చలేదు. పనికిరాదు అని రాసిన జాగా మీద రేపు ఇంకొకరి కన్ను పడుతుంది. కాని పిట్ట సంగతి రాస్తే తవ్వకం ఆగదని, రాళ్ళ సంగతి రాస్తే ఆగుతుందని ఆయనకు తెలుసు. నేను తప్పు పట్టను. మీరు ఆ కుర్చీలో కూర్చునే రోజుకు పిట్ట పేరే రాసే ధైర్యం ఉంటే మంచిది.

తర్వాత

ఆ చెలక నల్గొండకు ఏ దిక్కున ఉందో ఇక్కడ రాయలేదు. అడిగినా చెప్పను.

మరుసటి ఏడాది పిట్టలు రాలేదు. చుట్టూ తవ్విన గుంతల్లో మొక్కలు పెట్టాము, సగం ఎండిపోయాయి. రేంజర్ సారుకు వేరే జిల్లాకు బదిలీ అయింది. మే నెలలో ఒకరోజు ఫోన్ చేశాడు.

"వచ్చాయా యాదయ్యా?"

"రాలే సార్."

ఆ పై ఏడు మళ్ళీ చేశాడు. రాలేదనే చెప్పాను. నేనే మొదటి ఏడాది గుడ్లతో పాటు వాటి రాకను కూడా పోగొట్టానేమో అనుకున్నాను. ఆయన కూడా అలాగే అనుకుని ఉంటాడు, అనలేదు. నేను రిటైరయ్యాను. అయినా ఎండాకాలం పొద్దున్నే ఆటోలో పోయి దిగి, టోపీ పెట్టుకుని ఆ చెలక అంచున కూర్చోవడం మానలేదు. మా ఆవిడకు ఇది పిచ్చిలాగా కనబడుతుంది. ఆమె తప్పు లేదు.

మూడో మే నెలలో ఫోన్ వచ్చేసరికి నేను చెలక అంచునే ఉన్నాను. గొంతు తగ్గించి మాట్లాడాను.

"వచ్చినయి సార్."

"ఎన్ని గుడ్లు?"

"రెండు."

"ఎండ బాగా ఉందా అక్కడ?"

"ఉన్నది సార్. పిట్ట లేచి నిలబడి వాటికి నీడ పడుతున్నది."